నడిపయ్య నవ్వు

హైదరాబాదు,
జనవరి 1965

ప్రియమైన చెల్లె నీలవ్వకు,

క్షేమంగా చేరాను. డ్యాము నీళ్లలో మునగబోయే మీ బెస్తవాడను సినిమా తీయమని మా సర్కారు సినిమా ఆఫీసు పంపితే వచ్చాను గదా, మొదట మీ నాన్న నడిపయ్య నా ముఖమే చూడలేదు. "గీ డబ్బ పట్టుకొని వచ్చినోళ్లంతా మమ్ముల లేపనీకే వచ్చిన్రు" అన్నాడు. నువ్వే నచ్చజెప్పి ఇంట్లో చోటిప్పించావు. నెల్లాళ్లు కెమెరా పెట్టె విప్పకుండా ఆయనతో వల లాగాను. అప్పుడన్నాడు, "ఇగ తియ్యి బిడ్డా" అని. ఆ రోజే నేను పుట్టి పడవలోంచి గోదావరిలో, మీ గంగలో పడ్డాను. ఆయన పగలబడి నవ్వితే ఒడ్డునుంచి మా అసిస్టెంటు ఎంకటి తీశాడు. సినిమాకంతటికీ ఆ నవ్వే ప్రాణం. ఆర్మూరులో ఆడినప్పుడు అందరూ వెళ్లి చూడండి.

మీ అన్న,
లక్ష్మీరాజం

ఆర్మూరు,
ఏప్రిల్ 1965

లక్ష్మీరాజం గారికి,

అన్నా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

చూశాం. పసుపు మార్కెట్లో తెర కట్టారు. బస్తాల మీద కూర్చున్నాం. నాన్న నవ్వుతున్నాడు. వెనకనుంచి గొంతు వినబడింది: "ఈ జాలరులు నదిని వదిలి సంతోషంగా వెళ్తున్నారు." మార్కెటంతా మావైపు తిరిగి నవ్వింది.

భూములు పోయేవాళ్లకు పరిహారం ఉంది. మాకు పట్టాలు లేవు, గంగే మా పొలం. ఇళ్లకు జాగా ఇవ్వండి, డ్యాము కట్టాక నిలిచే కొత్త చెరువులో వల వేసుకోనివ్వండి అని మర్నాడు నాన్న అడగబోతే డ్యాము ఆఫీసరు ఏమన్నాడో తెలుసా? "సినిమాల నవ్వుకుంట ఒప్పుకున్నవ్ గద, ఇప్పుడేం లొల్లి?"

మిమ్మల్ని ఇంట్లోకి తెచ్చింది నేను. నాన్న నాతో మాట్లాడడం లేదు.

నీలవ్వ

హైదరాబాదు,
ఏప్రిల్ 1965

ప్రియమైన నీలవ్వకు,

ఆ మాటలు నేను రాయలేదు. బొమ్మలు నావి, మాటలు ఆఫీసువి. కొట్లాడాను, వినలేదు. నన్ను నమ్ము.

లక్ష్మీరాజం

ఆర్మూరు,
మే 1965

లక్ష్మీరాజం గారికి,

మాటలు మీవి కాకపోతే ముఖాలు మావి. నమ్మమని ఉత్తరం రాయడం తేలిక. ఆ రీలు పట్టుకొని మార్కెట్టుకు రండి. అదే తెర ముందు, అదే జనానికి నిజం చెప్పండి. రాలేకపోతే మా వాడ పేరు ఇక ఎత్తకండి.

నీలవ్వ

ఆర్మూరు,
జూన్ 1965

అన్నా,

పోలీసులు నిన్ను వదిలేశారని, కొలువు మాత్రం పోయిందని ఎంకటి చెప్పాడు. నువ్వు మార్కెట్టుకొచ్చి, సినిమాలో ఆ గొంతు రాకుండా ఆపేసి రీలు తిప్పగానే నిన్ను జీపెక్కించారు. ఆ తర్వాత జరిగింది నీకు తెలియదు.

నాన్న లేచి ఉత్త తెర ముందు నిలబడ్డాడు. "నేను నవ్వింది గా పట్నం పిలగాడు నీళ్లల్ల పడ్డడని. గంగను ఇడ్శిపెడ్తనని ఎవనికీ చెప్పలే!" అని అరిచాడు. ఎవరూ నవ్వలేదు. భూమి పోతున్న రైతులు ఆయన పక్కకు వచ్చారు. హమాలీలు బస్తాలు దించేసి కూర్చున్నారు. తూకాలు ఆగాయి. సాయంత్రానికి ఆఫీసరు దిగివచ్చి ఇళ్ల జాగాకు అందరి ముందూ ఒప్పుకున్నాడు. కొత్త చెరువులో చేపలు మాత్రం వేలం పాడుకున్న కాంట్రాక్టరువే అన్నాడు.

నీ మీద నాన్న కోపం పోయింది. "గా పిలగాడు తింటున్నడో లేదో" అంటున్నాడు. నా కోపం ఇంకా పోలేదు. అయినా వచ్చిపో.

నాన్న కొత్త వల అల్లుతున్నాడు, చాలా పెద్దది. కాంట్రాక్టరు పట్టుకుంటాడు గదా అన్నాను.

"పట్టుకోనీ. రేపు నీళ్లు పెరుగుతయ్, పాత వల సాలది" అన్నాడు.

నీ చెల్లె,
నీలవ్వ