మామయ్య తద్దినం నాటి సారా

మే 6
మామయ్య తద్దినం అయింది. పెద్దలకు పెట్టిన బియ్యపు సారా కొడుకు తాగితేనే దీవెన. తెసొక్ గిన్నె పెదవులకు ఆనించి దించేశాడు. కడుపు బాలేదట. సారా కనపడితే ఆగని నా మొగుడు! మీ నాన్న ఇచ్చిందానికే మొహం తిప్పుతావట్రా అని అత్తయ్య సణిగింది. నేనే వెనకేసుకొచ్చాను.

మే 19
మళ్ళీ లోబట్టలకి పసుపు మరక. వాసన, దురద. పొద్దునా సాయంత్రం సెంటు లిక్విడ్‌తో లోపలిదాకా కడుగుతున్నా. కడిగేకొద్దీ ఎక్కువవుతోంది.

మే 21
తెసొక్ దిండు పట్టుకుని హాల్లోకి పోయాడు. కాస్త శుభ్రంగా ఉండొచ్చు కదా అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

మే 23, మధ్యాహ్నం
అత్తయ్యకి చెప్పక తప్పలేదు. గర్భసంచికి చలి పట్టిందే పిల్లా, పోహాంగ్ చేపల మార్కెట్లో రోజంతా ఐసులో నిలబడితే పట్టదా మరి అంది. కన్నం ఉన్న పీట వేసి, కింద మాచిపత్రి మరిగే కుండ పెట్టింది. దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. మా అమ్మా, అమ్మమ్మా ఇలా కూర్చున్నవాళ్ళే. తొడలు కాలిపోయాయి. ఓర్చుకో, చలి దిగుతోంది అని వీపు నిమిరింది. తెసొక్ గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళాడు.

జూన్ 2
చలి దిగలేదు. చర్మం ఊడింది.

జూన్ 5
క్లినిక్‌కి వెళ్ళాను. ఆవిరి మానమంది డాక్టరమ్మ. లోపల కడగడమూ మానమంది. మనల్ని కాపాడే బాక్టీరియా లోపలే ఉంటుందట, నేను దాన్నీ కడిగేస్తున్నానట. శాంపిల్ ల్యాబ్‌కి పంపింది.

జూన్ 9, ఉదయం 11
ట్రైకోమోనాస్ అట, ఓ సుఖవ్యాధి క్రిమి. చలి వల్లా కాదు, చేపల వల్లా కాదు. మగవాడి నుంచి వచ్చేదట. నాకు మా ఆయన తప్ప ఎవరూ లేరన్నాను. ఇద్దరూ టాబ్లెట్లు వాడాలి, అవి అయ్యేదాకా సారా ఒక్క గుక్క కూడా వద్దు అంది డాక్టరమ్మ.

ఒక్క గుక్క కూడా.

మధ్యాహ్నం 3
తెసొక్ షేవింగ్ బ్యాగు అడుగున ఖాళీ స్ట్రిప్ దొరికింది. ఇవే టాబ్లెట్లు. తను నయం చేసుకున్నాడు. దిండు పట్టుకుని పోయింది నా వాసనకి కాదు, మళ్ళీ అంటుకుంటుందని. ఎవతె దగ్గరికి పోయాడో, దానికి ఎలాగూ ఏడుస్తాను. కానీ నేను ఆవిరికి కాలుతుంటే గుమ్మంలో నిలబడి చూశాడే. అప్పుడైనా చెప్పొచ్చుగా.

జూన్ 10
భోజనాల దగ్గర అత్తయ్య అందరికీ సారా పోసింది. నేను తెసొక్‌నే చూస్తూ గిన్నె పెదవులకు ఆనించి దించేశాను. కడుపు బాలేదన్నాను.

నీకూనా అంది అత్తయ్య.