పిట్ట బొమ్మ కార్డులు, నాగలత సంచి

కర్నూలు జిల్లా ఆలూరులో కాపురముంటూ, ముప్పై ఒక్క ఏళ్లు క్రాఫ్టు టీచరుగా పనిచేసి రిటైరైన మహాదేవి అనే నేను, డెబ్బై రెండేళ్ల వయసులో నా సొంత దస్తూరితో రాస్తున్న వీలునామా ఇది.

నా బుద్ధి సరిగ్గానే ఉంది. దీన్ని రేపు కోర్టులో కాదనాలని చూసేవాళ్లు ఉంటారు కాబట్టి, డాక్టరు దగ్గర కాగితం తెచ్చి దీనికి జత చేశాను. ఆ డాక్టరు నన్ను నూరు నుంచి ఏడేడు తగ్గిస్తూ చెప్పమన్నాడు. రెండు దాకా వచ్చి, ఇంకా పోవాల్నా అని అడిగాను. చెయ్యి మాత్రం వణుకుతుంది. అక్షరాలు వంకరపోయినాయని ఇది నాది కాదనొద్దు. ప్రతి పేజీ కింద సంతకం పెట్టి, దాని పక్కన నేను కోసుకున్న పిట్ట బొమ్మ అచ్చు నీలం ఇంకుతో వేశాను. పిట్ట లేని పేజీ ఏదైనా మధ్యలో కనబడితే అది ఎవరో చేర్చిన పేజీ.

దస్తావేజు లేఖరితో రాయించలేదు. ఈ ఊరి లేఖరి నా తమ్ముని కొడుకుతో కలిసి టీ తాగడం రెండుసార్లు చూశాను.

ఇంతకు ముందు 2019లో ఒకటి, 2025 ఏప్రిల్‌లో ఒకటి వీలునామాలు రాశాను. రెండూ రద్దు. రెండో దాంట్లో ఒక మనిషిని దొంగ అని రాశాను. ఆ సంగతి కింద వస్తుంది.

1. ఈ వీలునామాను అమలు చేయవలసింది నాతో పనిచేసిన హిందీ టీచరు కృపారాణి. ఆమె చేతుల మీద నాకు అనుమానం లేదు. నోటి మీద ఉంది. అందుకే కవరులో పెట్టి, అంటించి, అంటు మీద అడ్డంగా సంతకం చేసి ఇస్తున్నాను. కవరు చిరిగి ఉంటే కారణం ఆమెనే అడగాలి.

2. నా జీతంతో కట్టించుకున్న ఈ ఇల్లు, దాని హద్దులు వెనక పేజీలో రాసినట్టుగా, నా తర్వాత, ఇదివరకే కాలం చేసిన నా తమ్ముని కొడుకు హర్షవర్ధన్‌కు చెందాలి. అయితే వెనక ఉన్న వంటిల్లు, దాని పక్క గది, ఇరవై ఏళ్లుగా నా ఇంట్లో వంటా పనీ చూస్తున్న హులిగెమ్మ బతికున్నంత కాలం ఆమె స్వాధీనంలోనే ఉండాలి. నీళ్ల కొళాయి కూడా ఆమెదే. "మరమ్మతు చేయించాల, నాలుగు దినాలు ఖాళీ చెయ్యవ్వా" అని హర్షవర్ధన్ అంటే, అది మరమ్మతు కాదని ఇప్పుడే చెబుతున్నాను. ఆమెను ఒక్క రాత్రి బయట పడుకోబెట్టినా ఇల్లు మొత్తం హులిగెమ్మకే పోవాలి.

3. హర్షవర్ధన్‌కే నా మామిడిపిందె చెక్క అచ్చు కూడా ఇస్తున్నాను. రెండేళ్ల కింద నా బల్ల మీద దాన్ని సెల్లులో ఫోటో తీసుకుని పోయి, ఆదోనిలో తన ప్రింటింగు షాపులో పెండ్లి పత్రికల అంచుకు వాడుకున్నాడు. ఆ పత్రిక ఒకటి తిరిగి తిరిగి నా ఇంటికే వచ్చింది. అడిగితే, "డిజైను బాగుండాదని వాడుకుంటి అత్తా. నీ పేరు వేద్దామంటే పార్టీ ఒప్పుకోలేదు" అన్నాడు. నా పేరు వేస్తే ఏ పార్టీకి ఏం నష్టమో ఇంతవరకూ తెలియలేదు. బొమ్మ ఎట్లాగూ తీసుకున్నాడు, చెక్క కూడా ఉంచుకోనీ.

4. నా చెల్లెలు సిద్దమ్మకు ఇచ్చేది రాసే ముందు, మా మధ్య జరిగింది రాయాలి. లేకుంటే తర్వాత ఎవరికి అనుకూలంగా వాళ్లు చెప్పుకుంటారు.

నేను కార్డులు చేస్తాను. పాత హవాయి చెప్పుల రబ్బరు మీద బ్లేడుతో ఆకులు, చుక్కలు, పిట్టలు కోసి అచ్చులు చేసుకుంటాను. డ్రాయింగు షీటు మీద వాటితో వరసలు వేసి పూల కాగితాలు తయారు చేస్తాను. ఆ కాగితాలు కత్తిరించి అట్ట మీద అంటించి, మధ్యలో పిట్ట అచ్చు వేస్తే కార్డు. ఉగాదికి, పుట్టినరోజులకు, పిల్లలు పాసైనప్పుడు పంపుతాను. ఇది తప్ప నాకు వేరే వ్యసనం లేదు.

2013లో సిద్దమ్మ కూతురు సాహితి పెండ్లికి రెండు వందల పత్రికలు చేతితో చేసిచ్చాను. రెండు నెలలు పట్టింది. పెండ్లికి కోసిగి పోయి కూర్చుంటే, అందరి చేతుల్లో బంగారు రంగు అచ్చుల పత్రికలు ఉన్నాయి. నావి అటక మీద ఉన్నాయి. సిద్దమ్మను వంటశాల దగ్గర నిలబెట్టి అడిగాను. "మగపెండ్లోళ్లు చూస్తే చేతగానోళ్లు అనుకుంటారని మా ఆయన వద్దన్న్యాడక్కా. నేనేం చేయాల" అంది. నేను అన్నం తినకుండా బస్సెక్కాను. ఆ తర్వాత పన్నెండేళ్లు మేము మాట్లాడుకోలేదు. ఆమె రెండుసార్లు ఫోను చేసింది. నేను తీయలేదు.

సాహితి తప్పు ఇందులో ఏదీ లేదు. అందుకని నా పూల కాగితాలన్నీ, పెట్టెతో సహా, ఆమెకు ఇస్తున్నాను. పెట్టెలో నూట పద్నాలుగు షీట్లున్నాయి. కృపారాణి ఇచ్చే ముందు ఎంచి ఇవ్వాలి.

5. 2024లో ఒక బంధువుల ఇంట్లో ఎవరో అన్నారు: "మీ చెల్లెలు నీ ఉగాది కార్డులన్నీ అద్దాల బీరువాలో పెట్టుకుండాది, భలే ఉండాయి" అని. నేను సిద్దమ్మకు ఒక్క కార్డూ పంపలేదు.

అంటే నా అచ్చులు ఎవరో వాడుతున్నారు. నా పేరుతో, నా చెల్లెలికి, నేను తగ్గినట్టుగా కార్డులు పోతున్నాయి. ఎవరికి ఏం లాభం? హర్షవర్ధన్‌కు లాభం లేదు, మేము కలిస్తే ఇల్లు సాహితికి పోతుందని అతని భయం. హులిగెమ్మకు చదువు రాదు, అడ్రసు రాయలేదు. మిగిలింది నాగలత.

నాగలత కూడా సిద్దమ్మ ఉండే కోసిగి మనిషే. ఇక్కడ బట్టలు కుడుతుంది. పనుల కాలం వస్తే ఆమె మొగుడు గుంటూరు పక్క మిరప కోతకు పోతాడు, ఆమె కూతురు శివజ్యోతితో ఇక్కడే ఉంటుంది. అప్పటికి మూడేళ్లుగా ఆదివారాలు నా దగ్గరకొచ్చి కార్డులు నేర్చుకుంటుండేది. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో బ్లేడు అంత బాగా పట్టినవాళ్లు లేరు. నెలకొకసారి కోసిగి పోయొస్తుంది. అంతా సరిపోయింది అనుకున్నాను.

బీరువా తాళం మార్చాను. ఎవరైనా తెరిస్తే తెలియాలని సొరుగు సందులో దారం పెట్టాను. పూల కాగితాలు ఎంచి రోజూ పుస్తకంలో రాసుకున్నాను. 2025 ఉగాది మరుసటి రోజు ఎంచితే ఒకటి తక్కువ వచ్చింది.

ఆ పొద్దు నాగలత కూతుర్ని తీసుకుని వచ్చింది. అరుగు మీదే ఆపి, సంచి ఇమ్మన్నాను. ఆమె నవ్వుతూ ఇచ్చింది, నేను ఏదో తెచ్చిపెట్టమంటానని అనుకుంది. నేను సంచి అరుగు మీద బోర్లించాను. కత్తెర, టేపు, పిల్ల పలక, ఒక ఉల్లిగడ్డ, దాంతోపాటు రబ్బరు మీద కోసిన పిట్ట అచ్చు పడ్డాయి.

"దొంగముండా" అన్నాను. ఆ మాట అన్నది నిజం కాబట్టి దస్తావేజులోనే రాస్తున్నాను.

"ఇది నేనే కోసుకుంటి టీచరమ్మా. సరిగ్గ చూడు, ఇది నీ పిట్ట కాదు" అంది. నేను చూడలేదు. వీధిలో పక్కింటి తిమ్మయ్య, ఆయన భార్య, అంగడి పెద్ద ఈరన్న, సైకిళ్లు బాగుచేసే బొజ్జన్న, నీళ్ల కోసం వచ్చిన రామాంజి నిలబడి చూస్తున్నారు. నాగలత సామాన్లు ఒక్కొక్కటే ఏరుకుంది. ఉల్లిగడ్డ దొర్లి మెట్ల కిందికి పోతే శివజ్యోతి దిగి తెచ్చింది. ఆ పిల్ల నన్ను ఎట్ల చూసిందో నేను మర్చిపోలేదు. ఆ తర్వాత ఆ వీధిలో ముగ్గురు బట్టలు వేరే చోట కుట్టించుకున్నారని విన్నాను.

6. ఆగస్టులో సిద్దమ్మ తనంతట తానే వచ్చింది. ఆమె మొగుడు పోయి ఏడాదైంది. ఇంటి కోసం వచ్చిందేమోనని మొదట అనుకున్నాను, ఇప్పుడూ కొంచెం అనుకుంటున్నాను. చేతిలో బిస్కెట్ల డబ్బా ఉంది. అందులో పన్నెండు కార్డులు.

"పన్నెండేండ్లు పంపిస్తివి, లోపల ఒక్క మాటన్నా రాయకపోతివి. కోపం యాడికీ పోలేదు గానీ, నన్ను మాత్రం ఇడిసిపెట్టలేదని సంతోషపడితినక్కా" అంది.

కార్డులు వరసగా మంచం మీద పరిచి చూశాను. పన్నెండు పిట్టలూ కుడి వైపుకు చూస్తున్నాయి. నేర్చుకునేవాళ్లు బొమ్మను ఉన్నదున్నట్టే కోస్తారు, అచ్చు వేస్తే తిరగబడుతుంది. ఆ పొద్దు అరుగు మీద పడిన నాగలత పిట్ట రబ్బరు మీద కుడికి చూస్తుండటం అప్పుడు గుర్తొచ్చింది, దాన్ని అచ్చు వేస్తే ఎడమకు చూస్తుంది. కాబట్టి ఇవి దాంతో వేసినవి కావు. నా అచ్చుతో వేసినవి. నా చేత్తో వేసినవి. ఒకదాని మీద నా వేలి మరక కూడా ఉంది.

ఇక్కడ నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది రాయాలి. ప్రతి ఉగాదికీ నేను సిద్దమ్మకు కార్డు చేస్తాను. మూడు రోజులు కూర్చుని చేస్తాను. అందరి కార్డుల కన్నా అదే బాగా వస్తుంది. అయ్యాక, లోపల ఏం రాయాలో తెలియక, హులిగెమ్మకు ఇచ్చి పొయ్యిలో వేయమంటాను. లెక్కలో తగ్గిన కాగితం నేనే వాడింది. దేనికి వాడానో నాకు నేనే చెప్పుకోను కాబట్టి పుస్తకంలో ఎక్కించలేదు.

సిద్దమ్మకు ఆ రోజు ఏమీ చెప్పలేదు. నేనే పంపినట్టు ఊరుకున్నాను.

7. ఆమె బస్సెక్కినాక హులిగెమ్మను పిలిచి అడిగాను. చీపురు పక్కన పెట్టి గడపలో కూర్చుంది.

"మూడు దినాలు నువ్వు చేస్తాంటే చూస్తాంటి. కాల్చమంటే నాకు చేతులు రాలేదమ్మా" అంది.

అప్పట్లో మా వీధికి పోస్టు తెచ్చిన ఏసేపును బతిమాలితే అతను అడ్రసు రాసిచ్చాడట. అతను రిటైరైనాక కూడా ఆమె అతని ఇంటికే పోయి రాయించుకునేది. కవరు, తపాలా బిళ్ల తన కూలి దుడ్లతో కొనింది. లోపల రాయడానికి ఆమెకు అక్షరాలు రావు, ఏసేపును రాయమంటే, "అక్కచెల్లెండ్ల మధ్య నేనేం రాసేదమ్మా" అన్నాడట. అందుకే పన్నెండూ ఖాళీగా పోయినాయి.

"నాగలతను అట్ల అంటాంటే నీ నోరు ఏమైందే?" అన్నాను.

"చెప్తే ఇంగ కార్డు పొయ్యేది నిలబడిపోతాదని భయపడితి. ఆ పిల్లకు నేనూ అన్యాయం చేస్తి" అని ఏడ్చింది.

పన్నెండేళ్లు నా ఇంట్లో నా కళ్ల ముందే నన్ను మోసం చేసింది. 2వ అంశంలో ఆమెకు రాసింది ఈ సంగతి తెలిసి రాసిందే, తెలియక కాదు.

8. నా చెల్లెలు సిద్దమ్మకు నా పిట్ట అచ్చు ఇస్తున్నాను. ఆమెకు కార్డులు చేయడం రాదు. ఏం చేసుకుంటుందో ఆమె ఇష్టం. సాక్షులకు ఆస్తి రాయకూడదంటారు కాబట్టి ఏసేపుకు ఏమీ రాయలేదు. పన్నెండుసార్లు నా చెల్లెలి పేరు చక్కగా రాసినందుకు అతనికి నా దండాలు.

9. నాగలత గురించి.

నా అచ్చులన్నీ, పైన వేరేవాళ్లకు రాసినవి తప్ప, బ్లేళ్లు, ఇంకు ప్యాడ్లు, నా బల్ల, దీపం నాగలతకు చెందాలి. సెప్టెంబరులో ఆమె ఇంటికి పోయి ఈ మాట చెప్పాను. మిషను తొక్కడం ఆపలేదు. తొక్కుతూనే అంది: "నాకు నీ అచ్చులు వద్దు టీచరమ్మా. ఆ పొద్దు అరుగు ముందర ఎవరెవరు ఉన్న్యారో వాళ్లకి చెప్పు. నా బిడ్డ కూడా ఇనాల."

తీసుకోనంటే ఆమెను ఎవరూ బలవంతం చేయకూడదు. బల్లను కృపారాణి తన ఇంట్లో ఉంచాలి. ఎన్నేళ్లకు అడిగినా ఇవ్వాలి.

నాగలత నా ఇంట్లో ఒక కాగితం గానీ, ఒక అచ్చు గానీ తీసుకోలేదు. ఆమె సంచిలో దొరికింది ఆమె సొంత చేతి పని. నేను ఆమె మీద వేసింది అబద్ధపు నింద. ఇది రిజిస్టరు కాబోయే దస్తావేజు కాబట్టి, ఈ నాలుగు మాటలు సర్కారు రికార్డులో ఉండాలని రాస్తున్నాను.

మొదట ఈ అంశాన్ని నేను పోయిన పదకొండో రోజు కృపారాణి అరుగు మీద చదవాలని రాశాను. రాసి చూసుకుంటే, అది నాకు సులువు చేసుకున్నట్టు ఉంది. పోయినాక ఎవరి ముఖమూ చూడాల్సిన పని ఉండదు. నాలుగు నెలలుగా నేను ఆగింది అందుకేనని నాకు తెలుసు.

కాబట్టి ఆ మాట కొట్టేశాను. 5, 6, 7, 9 అంశాలకు నకలు తీసి పెట్టుకున్నాను. వచ్చే ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకు అరుగు మీద నిలబడి నేనే చదువుతాను. తిమ్మయ్య దంపతులకు, పెద్ద ఈరన్నకు, బొజ్జన్నకు, రామాంజికి ఇంటింటికీ పోయి చెప్పి వచ్చాను. ఎందుకని అడిగారు, చెప్పలేదు. నాగలతకూ చెప్పాను, శివజ్యోతిని తీసుకుని రమ్మన్నాను.

సిద్దమ్మను కూడా రమ్మన్నాను. కార్డులు నేను పంపలేదని, కాల్చమన్నానని ఆమె కూడా ఆ అరుగు ముందరే వింటుంది. విని, ఆ డబ్బా నా కాళ్ల దగ్గర పెట్టి కోసిగి బస్సెక్కినా నేను అడ్డం పోను.

ఆదివారం లోపల నాకేమైనా అయితే, శవాన్ని ఎత్తే ముందే కృపారాణి ఇది చదవాలి. గట్టిగా చదవాలి. వీధి చివరిదాకా వినబడాలి.

పైన రాసినవన్నీ నా ఇష్టప్రకారం, నన్నెవరూ ఒత్తిడి చేయకుండా రాశాను. కొట్టివేతలు 9వ అంశంలో ఒక్కచోటే ఉన్నాయి, దాని పక్కన చిన్న సంతకం చేశాను. రాసింది నా కళ్లతో రెండుసార్లు చదువుకుని, సాక్షులు చూస్తుండగా సంతకం చేశాను.

ఆలూరు,
2026 జనవరి 12, సోమవారం

(సంతకం) మహాదేవి

సాక్షులు:
1. ఏసేపు, రిటైర్డు పోస్టుమ్యాను, ఆలూరు
2. బొజ్జన్న, సైకిలు షాపు, ఆలూరు. ఇద్దరూ నా ఎదుటే సంతకం చేశారు. లోపల రాసింది బొజ్జన్నకు చూపలేదు. ఆదివారం వింటాడు.