నీకంటే ముందు పిలిచిన ఆవిడ

ప్రియమైన చెల్లికి,

మీ అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. మీ బావ మోకాలు ఎలా ఉందని అడిగావు. నూనె రాసుకోమంటే రాసుకోడు, నొప్పి ఉందని మాత్రం వీధిలో వాళ్లందరికీ చెప్పొస్తాడు. అక్కడ నువ్వు, మరిది గారు, అమ్మ క్షేమమని తలుస్తాను. అలా రాయడం తేలికే.

నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. జవాబు ఆలస్యమైందని కోప్పడకు. ఫోనులో చెబుదామని రెండుసార్లు నీ నంబరు నొక్కి పెట్టేశాను. అమ్మ ఇంకా నేను పరిశోధన విభాగంలో ఎలకలకి సూదులేస్తున్నాననే అనుకుంటోందని రాశావు, నవ్వొచ్చింది. ఎలకలకి కాదు, పిల్లలు లేని నీలాంటి వాళ్లకే వేస్తున్నానని చెప్పు.

నువ్వు చేరిన ఆ పరిశోధనని మధ్యలోనే ఆపేశారు. పిండాన్ని గర్భసంచిలో పెట్టే ముందు వేసే కొత్త సూది గుర్తుందిగా? లోపలి పొరని గట్టిపరిచి పిండాన్ని పట్టి ఉంచుతుందని డాక్టరు గారు నీకు బొమ్మ గీసి చూపించారు. పట్టి ఉంచలేదు. ఆ సూది పడ్డవాళ్లలో సగానికి పైగా మూడో నెల నిండకుండానే పోగొట్టుకున్నారు. పొర పలచబడిపోయి చాలామందికి మళ్లీ కోలుకోలేదు. పరిశోధనలో చేరినవాళ్లలో సూది పడని మిగతా సగంమందికి, పోల్చి చూడడానికని, ఉత్త ఉప్పునీళ్లే ఎక్కించాం. వాళ్లు ఎప్పటిలాగే ఉన్నారు. కొందరికి పిల్లలు పుట్టారు, కొందరికి లేదు.

ఎవరికి ఏది పడిందో మీకూ తెలియదు, డాక్టరు గారికీ తెలియదు. వరస నంబర్లు వేసిన కవర్లు నా సొరుగులో ఉండేవి. వచ్చిన మనిషిని వచ్చిన వరసలో రిజిస్టరులో రాసి, ఆ నంబరు కవరు అప్పుడే విప్పి, లోపలి చీటీ మందుల గదిలో ఇవ్వడం నా పని. నీకు పడింది కొత్త సూది. వచ్చే వారం ఆసుపత్రి నుంచి నీకు కాగితం వస్తుంది. లాటరీ పద్ధతిలో మీకు ఆ మందు కేటాయించబడినది అని అందులో ఉంటుంది. నువ్వు కూడా మొన్న రాశావు, అంతా నా తలరాత అక్కా అని. కాదు. అది నేను చేసిన పని.

ఆ రోజు నువ్వు అందరికంటే ముందొచ్చి గుమ్మం పక్క బెంచీ మీద కూర్చున్నావు. నీ తర్వాత ఒక కుట్టుపని ఆవిడ వచ్చింది. నేను ఆవిడని ముందు పిలిచాను.

"ముందొచ్చింది నేను కదా అక్కా," అన్నావు.

"ఇక్కడ అక్కా లేదు, చెల్లీ లేదు. పిలిచినప్పుడు రా," అని కసిరాను.

నీ కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత నువ్వే ఆ మాట ఇంటింటా గొప్పగా చెప్పుకున్నావట, మా అక్క ఎంత నిక్కచ్చి మనిషో అని.

నిక్కచ్చి మనిషి ఏం చేసిందో విను. నువ్వు రాకముందే పైనున్న రెండు కవర్లు తీసి, ఎక్స్‌రేలు చూసే లైటు డబ్బా మీద పెట్టాను. కాగితం పలచన, లోపలి అక్షరాలు కనిపించాయి. మొదటిది ఉప్పునీళ్లు. రెండోది మందు. నా చెల్లెలికి ఉప్పునీళ్లా అనుకున్నాను. కవర్లు మార్చలేదు, మార్చక్కర్లేదు కదా. వరస మార్చాను. ఆవిడ మీద జాలి కూడా కలగలేదు, ఎవరో కదా. నీకేదో మేలు చేశానని ఆ వారమంతా హుషారుగా తిరిగాను.

ఆవిడకి పాప పుట్టింది. ఇప్పుడు ఏడో నెల. పుట్టిన పిల్లల్ని నెలనెలా తూచి రాసుకునేదీ నేనే. పాపకి నా పేరే పెట్టుకుంది. "ఆ రోజు నన్ను ముందు పిలిచారు సిస్టర్, అప్పుడే అనుకున్నాను, ఇది జరుగుతుందని," అంటుంది వచ్చినప్పుడల్లా. ఆ పాప తూకం పళ్లెంలో నా వేలు పట్టుకుంటే నాకు ఒళ్లు మండిపోతుంది. ఏడు నెలల పసిదాని మీద కోపం ఏమిటని అడగకు. నీకు ఆ కవరే వచ్చుంటే బిడ్డ నిలిచేదని ఎవరూ రాసివ్వలేరు. నీ లోపల చెడింది మాత్రం చెడేది కాదు.

ఇక బకెట్టు సంగతి. బిడ్డ పోయింది బకెట్టు మోసినందుకేనా, నిజం చెప్పు అక్కా, అని మళ్లీ అడిగావు. కాదు. నువ్వు రక్తం చూసి ఫోను చేసేసరికే అలాంటి కబుర్లు నాకు మూడు వచ్చాయి, ముగ్గురూ సూది పడ్డవాళ్లే. నాకు అర్థమైపోయింది. భయమేసి, "ఏం బరువులెత్తావే?" అన్నాను. నువ్వు ఆలోచించి ఆలోచించి బకెట్టు నీళ్లన్నావు. పక్కనున్న అమ్మ అందుకుంది. ఏడాదిగా అమ్మ నిన్ను పొడుస్తున్న మాట నేను అందించిందే. మరిది గారు ఆ బకెట్టుని గోడకేసి కొట్టారని నువ్వు రాస్తే, చదివి మడిచి పెట్టేశాను. ఈ ఉత్తరం వాళ్లిద్దరికీ చదివి వినిపించు.

నిన్న పెద్ద డాక్టరుకి అంతా రాసిచ్చాను. ఉద్యోగం పోతుంది. దాంతో నీకేం ఒరుగుతుంది? క్షమించమని అడగను. అడిగితే క్షమించేస్తావు, నీ సంగతి నాకు తెలుసు.

ఇక్కడ కొత్తగా మొదలుపెడుతున్న రెండో పరిశోధనలో చేరొచ్చా అని అడిగావు. ఆ సూది పడ్డవాళ్లని అందులోకి తీసుకోరు. తీసుకోకూడని వాళ్ల జాబితా టైపు చేసింది నేనే, నీ నంబరుతో సహా. మరిది గారు ఆఖరిసారికి ఒప్పుకున్నారని, సంచి సర్దుకుని తలుపు పక్కనే పెట్టుకున్నానని రాశావు. ఈసారి ఎవరిని ముందు పిలిచినా నోరు మెదపకుండా కూర్చుంటాను అక్కా అని కూడా రాశావు.

రాకు. సంచి విప్పేసెయ్.

ఇట్లు,
నిన్ను రెండోదానిగా పిలిచిన
మీ అక్క