వృత్తి అన్న గడిలో నేను రాసిన మాట

హిందూపురం,
16-7-1961

అమ్మకు చెన్నకేశవులు నమస్కారం.

అందరమూ బాగున్నామన్న మాట మొదటి వరసలో లేకుంటే తక్కిన ఉత్తరం చదివించుకోనని పోయినసారి కోప్పడినావు. అందుకని ముందుగానే రాస్తాండా. ఈడ నేను, లలిత బాగుండాము. ఆడ భిలాయిలో నువ్వు, నరసింహులన్న, వదిన, పిల్లలు బాగుండారని తలుస్తాను. నీలావతీ, అవ్వకు ఈ ఉత్తరం చదివేటప్పుడు మధ్యలో పేరాలు మింగొద్దు. చివరిదాకా చదువు.

వానల సంగతి అడిగినావు. రోహిణిలో ఒక వాన పడి ఆశ పెట్టి పోయింది. ఆరుద్రలో ఇంకొకటి పడితే బుక్కపట్నంలో మన చేన్లో శెనక్కాయ విత్తనం వేయించినాను. లలితకు మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు చెప్పిన ఆముదం పట్టు వల్ల అని ఆమె అంటుంది, డాక్టరు మందు వల్ల అని నేనంటాను. దాని మీద రెండు రోజులు మాట్లాడుకోలేదు. నా పత్రిక నడుస్తాండాది. చందాదారులు తగ్గినారు గానీ శత్రువులు తగ్గలేదు.

"ఆ గుంటలాట ఇంకా మానలేదా? నలభై ఎనిమిదేండ్ల మొగోడివి, కట్టె పట్టుకొని బంతి వెంట తిరిగేది ఏం పనిరా?" అని రాయించినావు. మానలేదమ్మా. నేను గనుల్లో గుమాస్తాగా ఉన్నప్పుడు, స్వరాజ్యం వచ్చిన కొత్తలో, దొరలు గోల్ఫ్ ఆడే మైదానంలోకి గుమాస్తాలనూ రానీయాలని సంఘం తరపున కొట్లాడినాము. వాళ్లు సరే రమ్మన్నారు. గెలిచినాక ఆడి చూపకుంటే పరువు పోతుందని పోయినాము. తక్కినవాళ్లు రెండు వారాలు పోయి మానుకున్నారు. నేను ఆ దురలవాటు తగిలించుకొని వచ్చినాను. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున బస్సెక్కి పెనుకొండకు పోతాను. కొండ కింద ఎప్పుడో ఒక తెల్లదొర తొమ్మిది గుంటలు తవ్వించి వదిలిపోయిన మైదానం అది. ఇప్పుడు ఆఫీసర్ల క్లబ్బు చేతిలో ఉండాది. పచ్చగా ఉంటుందనుకునేవు. గడ్డి మొలిచే నేలా అది? గుంట చుట్టూ ఇసుకకు వాడిన ఇంజను నూనె కలిపి పరిచి, గోనెపట్ట ఈడ్చి చదును చేస్తారు. దాన్ని బ్రౌన్ అంటారు. మిగిలినదంతా రాళ్లు, తుమ్మముళ్లు, మేకలు. నేను కొట్టిన బంతుల్లో సగం ముళ్లలో ఉండాయి, సగం మేకల కాళ్ల కింద.

అయినా ఈ ఆటలో ఒక మంచి ఉండాది. నీకు ఎదురుగా నిలిచి నిన్ను పడగొట్టేవాడు ఎవడూ ఉండడు. తక్కువ దెబ్బల్లో గుంటలన్నీ ముగించినవాడు గెలిచినట్టు, నీ దెబ్బలు నువ్వే లెక్కపెట్టుకోవాల. ముళ్లలో నీ బంతి నీ వల్ల కదిలిందనుకో, చూసినవాడు లేకున్నా నువ్వే ఒక దెబ్బ ఎక్కువ రాసుకోవాల. మన కోర్టుల్లో లేదు ఈ న్యాయం, మన అసెంబ్లీలో లేదు.

కానీ ఈ మంచి ఆటను మనుషులు ఎట్ల పంచుకున్నారో చూడు. ఊరికే ఆడేవాడు అమెచూరు. దాన్ని నమ్ముకొని బతికేవాడు ప్రొఫెషనల్. తెల్లోళ్ల దేశాల్లో ప్రొఫెషనళ్లు విమానాల్లో తిరుగుతారని పేపర్లో చదువుతుంటాను. మన దేశంలో ప్రొఫెషనల్ అంటే దొరల సంచులు మోసి, చూసి చూసి నేర్చుకున్నవాడు. దొరకు ఆట నేర్పేది వాడు, వంకరపోయిన కట్టె బాగుచేసేది వాడు. కాఫీ మాత్రం వాడు బయట చెట్టు కింద తాగాల. అమెచూరు అన్న మాటకు ప్రేమికుడని అర్థమంట, నిఘంటువు తీసి చూసినాను. కడుపు నిండినవాడు ఊరికే ఆడితే ప్రేమ, కడుపు కోసం ఆడితే నీచమా? ఈ ప్రశ్న నేను పత్రికలో నాలుగుసార్లు అడిగినాను. ఎవడూ జవాబు చెప్పలేదు. ఇప్పుడు అదే ప్రశ్న నా మెడకు చుట్టుకొనింది.

ఇంక నీ చివరి ప్రశ్న. "అక్కమ్మ మొగుని ఉద్యోగం ఖాయమయిందా?" అని మూడు ఉత్తరాల నుంచి అడుగుతాండావు. ఆ ప్రశ్న నాకు కనబడనట్టు రెండుసార్లు వానల గురించి రాసినాను. నువ్వు పెంచి, నీ చేతుల మీదుగా పెండ్లి చేసి పంపిన పిల్ల గదా, నీకు చెప్పకుండా ఎన్నాళ్లు ఉండేది?

హనుమంతు ఆ క్లబ్బులో మాలి అని నీకు తెలుసు. నూనె ఇసుక కలిపేది, గోనెపట్ట ఈడ్చేది ఆయనే. కొండ అవతల కొంచెం మెట్టచేను ఉండాది, అది వానొస్తేనే చేను. ఆ మనిషి ఎట్ల ఆడతాడో నీకు తెలియదు. ఒక ఆఫీసరు పారేసిన కట్టెతో, చెప్పులు లేని కాళ్లతో, అంతా ఇంటికి పోయినాక ఒక్కడే ఆడి నేర్చుకున్నాడు. పన్నెండేండ్లుగా ఆడుతున్న నాకు ఒకనాడు చెప్పినాడు: "బంతిని కొట్టేదానికి పోవద్దు సామీ. నీ కట్టె దాని దావన అది పోతా ఉండాల. నడమ బంతి అడ్డమొచ్చినట్టు ఉండాల, అంతే." నన్ను సామీ అనొద్దని వెయ్యిసార్లు చెప్పినాను. "అట్లే సామీ" అంటాడు.

ఈ ఫిబ్రవరిలో క్లబ్బు వాళ్లు కప్పు పోటీ పెట్టినారు. జిల్లాలో ఎవరైనా రావచ్చు, అమెచూర్లయితే చాలునని నోటీసు. హిందూపురం పక్కన కొత్తగా పెట్టిన మిల్లు మేనేజరుకు ఈ ఆట పిచ్చి. తన మిల్లుకు ఒక ఆటగాడు కావాలని, కప్పు గెలిచినవాడికి స్టోర్సులో పర్మనెంటు ఉద్యోగం ఇస్తానని నా ముందరే అన్నాడు. నెలనెలా జీతం, ఉండేదానికి క్వార్టరు. అక్కమ్మ ఆ వారమంతా క్వార్టర్లో పొయ్యి ఏ మూల పెట్టాలని మాట్లాడిందంట. నేనే హనుమంతును బలవంతం చేసి పోటీకి దింపినాను.

ఎట్ల ఆడినాడమ్మా! ఆయన వెంట దెబ్బలు రాసేవాడిని నేనే. ఆరో గుంట కాడ బంతి ముళ్లలో పడింది. నేను దూరంగా ఉండా. ఆయన వంగి, లేచి, "కదిలింది సామీ, ఒక దెబ్బ ఎక్కువేసుకో" అని కేకేసినాడు. నేను వేసినాను. అయినా అందరికంటే మూడు దెబ్బలు తక్కువతో ముగించినాడు. కప్పు బల్ల మీద పెట్టినారు. మేనేజరు వచ్చి ఆయన భుజం తట్టినాడు. అప్పుడు కమిటీలో ఒకాయన హనుమంతు దరఖాస్తు ఫారం పట్టుకొని లేచినాడు. ఇతను ప్రొఫెషనల్, ఈ పోటీకి చెల్లడు అన్నాడు. కప్పు రెండోవాడికి, ఒక కాంట్రాక్టరు కొడుక్కు, పోయింది. "పాపం, బాగా ఆడినాడు. కానీ క్లబ్బు మాట కాదని నేను తీసుకోలేను గదా" అని మేనేజరు కారెక్కినాడు. ఆ ఉద్యోగం కూడా ఆ పిల్లోడికే ఇచ్చినారు. వాడు పదిరోజులు పోయి మానేసినాడంట.

నేనేం చేసినాను? నాకు వచ్చిందే చేసినాను. పత్రికలో మొదటి పేజీ నిండా రాసినాను. మాలి గెలిస్తే ఓర్చలేక ఆఫీసర్లు కుట్ర చేసినారని, కూలోడి బంతికి మన దేశంలో గుంట లేదా అని. పెనుకొండలో, ధర్మవరంలో చేతులు మార్చుకొని చదివినారు. పదహైదు రోజులు తిరగకముందే క్లబ్బు వాళ్లు హనుమంతును మాలి పనిలోంచి తీసేసినారు. ఇప్పుడు ఆయన ధర్మవరం స్టేషన్లో మూటలు మోస్తాండాడు. వారానికొకసారి ఇంటికొస్తాడు.

అమ్మా, ఇంతవరకు రాసింది నిజమే. కానీ ఆ ఫారంలో ఏముండాదో రాయలేదు.

ఆ ఫారం ఇంగ్లీషులో ఉండాది. నింపింది నేను, ఆయన ఇంటి అరుగు మీద కూర్చొని. ప్రొఫెషన్ అని ఒక గడి, అంటే వృత్తి. "ఏం రాసేది హనుమంతూ?" అని అడిగితే, "సేద్యం అని రాయి సామీ, చేనుండాది గదా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఏడాదికి రెండు నెలలు దున్నే మెట్టచేను ఈయన వృత్తా? పన్నెండు నెలలు ఆ మైదానాన్ని మోసేవాడు, దేశంలో ఎవడికీ రాని పని వచ్చినవాడు, ఆ పని పేరు చెప్పుకోవడానికి ఎందుకు సిగ్గుపడాల? ఆ గడిలో 'గోల్ఫ్' అని రాసినాను. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఏం రాసినానో నేను చెప్పలేదు. తెలుగులో సంతకం చేసినాడు.

క్లబ్బు సెక్రటరీ భాస్కరయ్య నెమ్మది మనిషి. ఫారం చూసి, "ఏమప్పా చెన్నకేశవులూ, ఈడ కూలి అనో సేద్యం అనో రాస్తే పోయేదానికి ఇదెందుకు? మార్చు" అని పెన్ను చేతికిచ్చినాడు. నేను మార్చినానా? శ్రమ గౌరవం గురించి నిలబడి ఉపన్యాసమిచ్చినాను. పది నిమిషాలు. ఆయన వినీ వినీ, "సరే, నీ ఇష్టం" అని ఫారం లోపల పెట్టుకున్నాడు. ప్రొఫెషన్ అన్న గడిలో గోల్ఫ్ అని రాసినవాడు ప్రొఫెషనల్ కాక ఏమవుతాడు? ఆ మాత్రం నాకు తట్టలేదమ్మా. అమెచూరు, ప్రొఫెషనల్ అన్న రెండు మాటల మీద పదేండ్లుగా వ్యాసాలు రాసేవాడికి తట్టలేదు.

కప్పు పోయిన మరుసటి రోజే భాస్కరయ్య దగ్గరికి పోయినాను. "తప్పు నాది, రాసిస్తాను" అన్నాను. "రాసివ్వు. ఫైల్లో పెడతాను. కప్పు వెనక్కి రాదు, ఉద్యోగమూ రాదు" అన్నాడు. అప్పుడన్నా ఇంటికి పోయి నోరు మూసుకొని ఉండాల్సింది. మూడో రోజు ఆ వ్యాసం రాసినాను. రాసేటప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది, కుట్ర నిజంగా జరిగినట్టే వచ్చింది. అది నాకు ఇంకా అర్థం కాదు.

పోయిన ఆదివారం మధ్యాహ్నం వాళ్లింటికి పోయినాను. హనుమంతు మూటల వల్ల భుజం వాచి, గోడకు ఆనుకొని కూర్చోనుండాడు. నా వ్యాసమున్న కాగితం దేవుని పటం పక్కన మైదాపిండితో అంటించినారు. నిలబడే చెప్పినాను. సేద్యం అని నువ్వు చెప్తే నేను గోల్ఫ్ అని రాసినాను, అందుకే పోయింది, ఎవరూ కుట్ర చేయలేదు అని.

హనుమంతు నవ్వినాడు. "ఊరుకో సామీ. నన్ను ఓదార్చేదానికి వాళ్ల తప్పు నీ మీదేసుకుంటాండావు. నీ మాదిరి మనిషి ఏ జిల్లాలో ఉండాడు?" అన్నాడు. లేదప్పా, నిజం అన్నాను. పైగా దేవుని మీద ప్రమాణం చేసినాను, దేవుణ్ణి నమ్మనివాడిని. "చూడు అక్కమ్మా, ఈయప్ప నాకోసం దేవుని మీద గూడా ప్రమాణం చేస్తాండాడు" అని కండ్లల్లో నీళ్లు పెట్టుకున్నాడు.

అక్కమ్మ బస్టాండు దాకా నా వెంట వచ్చింది. దావలో అనింది: "ఆయప్ప సేద్యం అని చెప్పినప్పుడు నేను ఆడనే బియ్యం చెరుగుతాంటి. నువ్వు రాస్తా రాస్తా చిన్నగా నవ్వుకున్నావు. సేద్యం అని రాసేటోడు అట్ల నవ్వుకోడు సామీ. ఆ పొద్దే అనుకుంటి."

"మరి మీ ఆయనకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమొస్తాది? ఇప్పుడు ఆయప్ప లెక్కన లోకమంతా మోసం చేసింది, నువ్వొక్కడివి చేయలేదు. ఆ ఒక్కటి పట్టుకొని మూటలు మోస్తాండాడు. దాన్ని గూడా పీకేస్తావా? ఇంకోసారి ఈ మాట ఎత్తుకొని మా గడప తొక్కొద్దు."

అంతే. తిట్టలేదు. బస్సొస్తే, కిటికీ పక్కన చోటుండాది, పోయి కూర్చో అనింది.

నీ పెంపుడు బిడ్డ కాపురాన్ని ఇట్ల చేసినాను. నువ్వన్నా తిట్టు. నీలావతీ, అవ్వ ఏ మాటంటే ఆ మాటే రాయి, మెత్తగా మార్చొద్దు.

నిన్న ధర్మవరం నుంచి కార్డొచ్చింది, ఎవరి చేతనో రాయించినాడు. వచ్చే ఆదివారం హనుమంతు మనింటికొస్తాడంట. స్టేషన్లో మూటలు మోసేవాళ్లందరూ నా వ్యాసం చదివించుకున్నారంట, రెండోది ఎప్పుడు వస్తాదని అడుగుతాండారంట. అది రాయించుకొని పోయేదానికి వస్తాండాడు. నిజం రాస్తే అక్కమ్మ మాట దాటినట్టు, అబద్ధం రాసేదానికి చేయి రాదు, రాయకుంటే ఎందుకు రాయలేదని అడుగుతాడు. నిన్నటి నుంచి కాగితం ముందర కూర్చోనుండా. ఒక్క వాక్యం రాలేదు.

ఇట్లు,
నీ చిన్నకొడుకు
చెన్నకేశవులు