నోటికిచ్చిన ముద్దకు చెయ్యి చాపాను

బాన్సువాడలో ఉన్న అక్కకు, ఇథియోపియా కొండల మీది నుంచి తమ్ముడు లింబాద్రి దండం పెట్టి రాస్తున్నది.

నేను మంచిగున్నాను అక్కా. నువ్వు, బావ, పద్మ, చిన్నోడు అందరూ మంచిగున్నారనే నమ్మకంతోనే కలం పట్టుకున్నాను. నీ మోకాలు ఎలా ఉంది? దవాఖానకు పోయావా, లేక పక్కింటి పోశవ్వ చెప్పిన ఆకుకట్టుతోనే నెట్టుకొస్తున్నావా? బావను అడిగితే ఏమంటాడో నాకు తెలుసు. "మీ అక్క నా మాట ఇంటదా?" అంటాడు. కాలువకు నీళ్ళు వదిలారా? రుద్రూర్ ఫారంలో బావకు విత్తనాల పని మొదలయ్యే ఉంటుంది. ఎండలో తిరిగేటప్పుడు తలకు తువ్వాల చుట్టుకోమని చెప్పు.

నా గురించి ఫికర్ పెట్టుకోకు. ఆరోగ్యం బాగుంది, ఒళ్ళు కూడా చేశాను. ఒక్క చలి తప్ప ఇబ్బంది లేదు. మనకు వానాకాలమయితే వీళ్ళు దాన్ని చలికాలం అంటారు, ఆ పేరుకు తగ్గట్టే ఉంటుంది. రగ్గు కప్పుకొని పిల్లల లెక్కల పేపర్లు దిద్దుతున్నాను. ఇక్కడ ఇంకా రాజుగారి ఏలుబడే. బడిలో, కొట్లో, మంగలి దుకాణంలో ఆయన ఫోటోయే. తాత నిజాం రోజులు చెబుతుంటే నోరు తెరుచుకొని వినేవాళ్ళం కదా, ఇప్పుడు నేను ఆ కథల్లోనే కాపురమున్నట్టుంది.

వీళ్ళ గడియారం సంగతి రాశానా? పొద్దు పొడిచిన దగ్గరి నుంచి లెక్క. మనం పొద్దున ఏడంటే వీళ్ళు ఒంటిగంట అంటారు. మొదట్లో తల తిరిగింది. తర్వాత ఆలోచిస్తే వీళ్ళదే సబబనిపించింది. పొద్దు పొడిచేసరికే ఆరెలా అవుతుంది? నువ్వే చెప్పు.

తిండి మాట అడిగావు. ఇంజెర అని ఒకటి ఉంటుంది. చేటంత వెడల్పు, పుల్లటి పిండితో మెత్తగా, మన అట్టు లాగా. దాని మీదే కూరలన్నీ పోస్తారు. కారం విషయంలో వీళ్ళు మనకు చుట్టాలే అక్కా, ఎర్రగా మంట పుట్టిస్తారు. నేను పెద్దకూర తిననని అందరికీ తెలిసిపోయింది. అందుకే ఎవరైనా భోజనానికి పిలిస్తే బుధవారమో శుక్రవారమో పిలుస్తారు. ఆ రోజులు వీళ్ళకు ఒక్కపొద్దు. నీచు ముట్టరు, పాలు కూడా ముట్టరు. పప్పు, ఆకుకూరలే. మన శనివారం ఒక్కపొద్దు చూస్తే వీళ్ళు నవ్వుతారేమో.

ఇంకో వింత. ఇక్కడ మగవాళ్ళు రోడ్డు మీద చేతులు పట్టుకొని నడుస్తారు. పోలీసులు, చర్చి పూజారులు, గడ్డం నెరిసిన పెద్దమనుషులు కూడా. మొగుడూ పెళ్ళాలు మాత్రం ఎడంగా నడుస్తారు. మన దగ్గర మాత్రం? బిచ్కుంద అంగడిలో దోస్తులు భుజాల మీద చేతులు వేసుకొని తిరగరూ? అక్కడున్నన్నాళ్ళూ అది నా కంటికి ఆననే లేదు. ఇక్కడికొచ్చాక ప్రతిదీ చూడబుద్ధవుతోంది.

మా బడిలో చరిత్ర చెప్పే తెషోమె అనే అతను నాకు దోస్తు. నా ఈడువాడే, ఇంకా పెళ్ళి కాలేదు. బడి విడిచాక నా చెయ్యి పట్టుకొని బజారంతా తిప్పుతాడు. వాళ్ళమ్మను నేను అవ్వ అనే పిలుస్తాను. పోయిన నెలలో ఒక బుధవారం ఆమె భోజనానికి పిలిచింది. అక్కడ నేను చేసిన ఘనకార్యం విను, పిల్లలకు కూడా చదివి వినిపించు.

ఒకటే పెద్ద పళ్ళెం, చుట్టూ అందరం. ఎవరి విస్తరి వాళ్ళకుండదు. ఎంగిలి ఎంగిలని నువ్వు నెత్తి మీద మొట్టి నేర్పిన తమ్ముణ్ణి కదా, అప్పటికే బెరుగ్గా కూర్చున్నాను. తెషోమె ఇంజెర తుంచి, పప్పు చుట్టి, నిమ్మకాయంత ముద్ద చేసి నా నోటి దగ్గరికి తెచ్చాడు. నాకేం చెయ్యాలో తెలియలేదు. మొహం పక్కకు తిప్పి, ఎడమచెయ్యి కింద పెట్టి కుడిచెయ్యి చాపాను, గుళ్ళో ప్రసాదానికి చాపినట్టు! వంగి కళ్ళకద్దుకుందామని కూడా చూశాను. ముద్ద విడిపోయి పప్పంతా అంగీ మీద పడింది.

ఎవరూ నవ్వలేదు. అది వీళ్ళ ఆచారం. ఇష్టమైన మనిషికి తమ చేత్తో నోట్లో పెడతారు, వద్దంటే పెట్టిన చేతిని కాదన్నట్టే. తెషోమె మొహం చిన్నబోయింది. అవ్వ ఏదో అంది, అతను ఇంగ్లీషులో చెప్పాడు, నీకు మన తీరున రాస్తున్నాను.

"ఏంది బిడ్డా, మా చెయ్యి గలీజుగుందా?"

నేను లేచి నిలబడి చెంపలు వేసుకున్నాను. మా దగ్గర పెద్దయిన మగవాడికి ఇంకొకరు నోట్లో ముద్ద పెట్టేది పెళ్ళినాడు బువ్వం బంతిలోనే, పెళ్ళికూతురు పెడుతుంది అని చెప్పాను. అది విని అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయితే మీ దిక్కు మనిషికి బతుకంతల ఒక్కసారే పెడతరా?"

అప్పుడు నవ్వారు. నేనూ నవ్వాను. నువ్వు కూడా ఈపాటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతుంటావు.

అక్కా, ఇగ ఇక్కడి నుంచి పైకి చదవకు. పిల్లల్ని ఆడుకోమని పంపు. బావ అక్కడే ఉంటే "మిగతాది బడి సంగతులే" అని చెప్పు. మనసులోనే చదువుకో.

చెయ్యి చాపింది ఎంగిలికి భయపడి కాదు. ఆ ముద్ద నా నోటి దగ్గరికొచ్చినప్పుడు నాకు బువ్వం బంతే గుర్తుకొచ్చింది. అతని వేళ్ళు నా పెదవికి తగులుతాయని, తగిలితే నా మొహంలో ఏం కనబడుతుందోనని భయపడ్డాను. అంత సంతోషం దాచడం నాకు చేతగాదు అక్కా.

ఇప్పుడు అర్థమయిందో లేదో. తిన్నగానే రాస్తాను. ఆడపిల్లల మీద నాకు మనసు పోదు. ఎన్నడూ పోలేదు. మగవాళ్ళ మీదనే పోతుంది. దీనికి మన భాషలో తిట్లు తప్ప పేరు లేదు. నేను ఇంతకాలం ఆ తిట్లు విని, అది నేను కాదులే అనుకుంటూ వచ్చాను, ఎందుకంటే తిట్టులో ఉన్న మనిషి చెడ్డవాడు, నేనేమో నీ తమ్ముణ్ణి. ఎవరూ నాకు నేర్పలేదు, గాలి సోకలేదు, చదువు ఎక్కువై చెడలేదు. బోధన్‌లో హాస్టల్లో ఉన్నప్పుడే తెలుసు. ఇంత దూరం జీతం కోసం వచ్చానన్నది సగమే నిజం. మిగతా సగం నువ్వు తెచ్చే సంబంధాల నుంచి పారిపోయి వచ్చాను.

పారిపోయి ఎక్కడికొచ్చానో చూడు. ఇక్కడా ఇది పాపమే, పైగా జైలు. తెలిస్తే ఉద్యోగం పోతుంది, ఊరు వెళ్ళగొడుతుంది. అదే ఊరు మేం చేతులు పట్టుకొని పోతుంటే దండాలు పెడుతుంది. జనం దేన్ని చూస్తారు, దేన్ని చూడరు? ఈ సంగతి నాకు ఎంతకూ అంతుబట్టదు. భయపడవలసిన చోట కూడా వింతగా చూస్తూ నిలబడిపోతున్నాను.

ఒకసారి ఏమయిందంటే, అమెరికా నుంచి కొత్తగా వచ్చిన కుర్ర టీచరు మమ్మల్ని బజార్లో అలా చూసి బిత్తరపోయాడు. పాపం, చెడ్డవాడు కాదు. మర్నాడు స్టాఫ్ రూంలో, "మీ దేశంలో అటువంటివాళ్ళు ఉంటారా?" అని మెల్లగా తెషోమెను అడిగాడు. తెషోమె పెద్దగా నవ్వి, "మా దేశంలో అటువంటివాళ్ళు ఉండరు" అన్నాడు. అని నా వైపు తిరిగి, "మీ దేశంలో?" అన్నాడు. "మా దేశంలోనూ ఉండరు" అన్నాను. అప్పుడు కూడా నా చెయ్యి అతని చేతిలోనే ఉంది. ఇద్దరం అబద్ధమాడామో, నేనొక్కణ్ణే ఆడానో ఇప్పటికీ తెలియదు. అడగాలని నాలుక చివరిదాకా వస్తుంది. అడిగితే ఆ చెయ్యి పోతుందేమోనని మింగేస్తాను. వెర్రివాణ్ణని తిట్టుకో.

మరుసటి వారం మళ్ళీ వాళ్ళింటికి పోయాను. ఈసారి నోరు తెరిచాను. తెషోమె పెట్టాడు, ఒకటితో ఆపకూడదట, మళ్ళీ పెట్టాడు. నేను అవ్వకు పెట్టాను, తర్వాత అతనికి పెట్టాను. నలుగురి ముందు, పట్టపగలు. ఎవరూ ఏమీ అనుకోలేదు, అవ్వ నా తల నిమిరింది. నా జన్మలో అంత బాగున్న రోజు లేదు అక్కా. నీకు కాకపోతే ఎవరికి చెప్పుకోను?

కాఫీ పోస్తూ అవ్వ అడిగింది, ఇంకా పెళ్ళెందుకు కాలేదని. ఏ దేశం పోయినా అవ్వలకు అదే రంది. నేను అలవాటుగా, "మా అక్క చూస్తోంది" అన్నాను. ఆమె సంతోషంగా, "అయితే ఆ పిల్ల ఎదురు చూస్తుంటదేమో బిడ్డా" అంది.

ఆ మాట ముల్లు లాగా దిగింది. నీ ఉత్తరంలో రాశావు కదా, పిట్లం వాళ్ళు నీ మాట మీద ఇంకో సంబంధాన్ని ఆపి కూర్చున్నారని. వాళ్ళ పిల్ల విమల ఫోటో నా పెట్టెలోనే ఉంది. సూటిగా చూస్తుంది. తెలివైన పిల్లలాగా ఉంది. నేను పెళ్ళి చేసుకుంటే ఆమెకు కట్టుబట్టలకు, తిండికి లోటు చెయ్యను. కానీ రోజూ నా మొహంలో ఏదో వెతుక్కుంటూ, అది తనలో లోపమే అనుకుంటూ ముసలిదవుతుంది. పెళ్ళంటే నూరేళ్ళ పంట అంటావు నువ్వు. మొలవని గింజని తెలిసీ రైతుకిస్తే బావ ఊరుకుంటాడా?

పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయని నువ్వంటావు. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను. సర్దుకోదు. సర్దుకుంటుందో లేదో చూడటానికి ఇంకొకరి బిడ్డ కావాలా?

అందుకని ఒక పని చేశాను, నిన్ను అడగకుండానే చేశాను. ఈ ఉత్తరం మొదలుపెట్టే ముందే విమల నాయనకు కూడా ఒకటి రాసి ఇవ్వాళే పోస్టు చేశాను. ఈ పెళ్ళి చేసుకోలేనని, అక్కకు ఇందులో తప్పు లేదని, వచ్చిన సంబంధాన్ని వదులుకోవద్దని రాశాను. కారణం రాయలేదు. కారణం నీకు తప్ప భూమ్మీద ఎవరికీ రాయలేదు. వాళ్ళు ఇంటికొచ్చి గడప దగ్గర నిలబడి అరుస్తారు. అరవనివ్వు. నన్ను ఎన్నైనా అననివ్వు, పరదేశంలో పొగరెక్కిందని అననివ్వు. నువ్వు మాత్రం తల దించకు. బావకు చెప్పడమా, మానడమా నీ ఇష్టం. నాకంటే నీకే ఆయన బాగా తెలుసు.

నువ్వు ఏడుస్తావని తెలుసు. అమ్మ పోయిన నాటి నుంచి నన్ను పెంచిన దానివి, ఎక్కడ తప్పు చేశానా అని వెనక్కి తవ్వుకుంటావు. నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు. నిజం చెప్పే ధైర్యం వచ్చిందంటే నీ చేతి అన్నం తినబట్టే. కోపమొస్తే కొన్నాళ్ళు రాయకు. రోజూ పోస్టాఫీసుకు పోయి చూస్తూనే ఉంటాను, నడవలేని దూరమేం కాదు. కానీ నన్ను వదిలెయ్యకు అక్కా. ఇది ఒక్కటే నీ దగ్గర అడుగుతున్నాను.

ఇగ కళ్ళు తుడుచుకొని మళ్ళీ పైకి చదువు. గొంతు మారిందని పిల్లలు కనిపెడతారు, కాసిని మంచినీళ్ళు తాగు.

బావకు నా నమస్కారాలు. పోశవ్వకు, వాడలో పెద్దలందరికీ దండాలు చెప్పండి. చిన్నోడు లెక్కల్లో వెనకబడ్డాడని రాశారు, కొట్టకండి, ఎక్కాలు వాడికి పాటలాగా నేర్పండి. హైదరాబాదు నుంచి ఇక్కడికి రాబోయే మాస్టారు ఒకాయన ఉన్నాడు, ఆయన అడ్రసు వేరే చీటీ మీద రాసి పెట్టాను, కాస్త చింతకాయ తొక్కు ఆయన చేతికి అందించండి. మీ దీవెనలు నా మీద ఉండాలి, అవి ఉంటే ఈ చలి ఒక లెక్క కాదు.

పద్మా, నీ చేత్తో రాసిన నాలుగు ముక్కలూ అందాయి బిడ్డా, అక్షరాలు ముత్యాల్లాగున్నాయి. మామ పెళ్ళికి పట్టులంగా కావాలని అడిగావు. మామకు పెళ్ళి లేదు. లంగా మాత్రం తప్పకుండా వస్తుంది, ఏ రంగో రాయి.

అక్కా, ఈ మాట మాత్రం అందరికీ వినబడేలా గట్టిగా చదువు.

ఎన్నటికీ నీ తమ్ముడు,
లింబాద్రి