బోణీ చెయ్యి

జులై 2, బుధవారం

ఆషాఢం సేల్ పుణ్యమా అని చీరలు గుట్ట పడ్డాయి. ఇవాళ పదకొండు ఫాల్స్, నాలుగు పీకోలు. మెడ పట్టేసింది.

పొద్దున ఆరింటికి మామూలుగానే కిటికీ కింద నుంచి మరిడమ్మ కేక. ప్రసన్నగారండీ, బోణీ అండీ, అని. పన్నెండేళ్ళ నుంచి ఆ చేపల బుట్టకి బోణీ నాదే. నా చెయ్యి మంచిదని మొదట కనిపెట్టింది వాళ్ళత్తగారు. ఆవిడ పోయాక, ఆవిడ కూర్చుని చేపలమ్మిన బండ మీదే మరిడమ్మ కూర్చుంది. బండతో పాటు నేనూ ఆస్తిలో వచ్చాను.

మొదటి చేప నా చేత్తోనే తియ్యాలి. అది వాళ్ళ పద్ధతి. ఆ తర్వాతే ఇంకెవరికైనా అమ్మకం. ఉన్నది ఒక్క మనిషిని, అర కేజీ జెల్లలు ఏం చేసుకోను? సగం పిల్లికి. పైకొచ్చి నిమ్మచెక్కతో మూడుసార్లు చెయ్యి రుద్దుకోవాలి, లేకపోతే పట్టుచీర వాసనేస్తోందని గొడవ.

తర్వాత రోజంతా నాతో మాట్లాడేది మిషనే.

జులై 5, శనివారం, సాయంత్రం

ఆయన పోయారట. గురువారం పోయారట. ఆడపడుచు సత్యవాణి ఇవాళ ఫోన్ చేసింది. కోరుకొండలో, ఆయన చేరదీసిన ఆ రెండో ఆవిడ ఇంట్లోనే, గుండెపోటు. దహనం కూడా అయిపోయింది. పదమూడున పెద్దకర్మ అంది. అక్కడ ఆవిడా పిల్లలూ ఉంటారు, నీకెందుకులే వదినా ఇబ్బంది, అంది. సరే అన్నాను. భోంచేశావా అని అడిగింది. చేశానన్నాను. చెయ్యలేదు.

ఆయన నన్నొదిలి వెళ్ళి పంతొమ్మిదేళ్ళు. ఏడుపు రాలేదు. రానందుకు సిగ్గేసింది.

జులై 6, ఆదివారం

బొట్టు పెట్టుకునే దిగాను. ఇన్నేళ్ళూ పేరుకి ఆయన ఉన్నారు కాబట్టి పెట్టుకున్నాను. ఇప్పుడు తీస్తే సందంతా అడుగుతుంది. చెప్తే బోణీ పోతుంది. మొగుడు పోయినావిడ ఎదురొస్తేనే ఇంట్లోకెళ్ళి మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరతారు జనం, పిలిచి బోణీ చేయించుకుంటారా? పొద్దున్నే నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి ఈ ఊళ్ళో ఒక్కతే.

చెప్పలేదు. చేప తీశాను. అది జారి బుట్టలో పడితే మళ్ళీ తీశాను. చలా అండీ, అని అడిగింది మరిడమ్మ.

జులై 7

నిన్న ఆదివారం పూట కూడా మరిడమ్మ సరుకు మిగిలింది. ఎప్పుడూ ఎరగం. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి బుట్ట సగం అలాగే ఉంది. కిటికీ మూసేశాను.

జులై 8, మంగళవారం

చెప్పేశాను.

మూడో రోజూ బేరాల్లేవు. ఐసు కరిగిపోయి చేపల కళ్ళు తెల్లబడ్డాయి. మరిడమ్మ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఎవరి దిష్టి తగిలిందో అని బుట్ట చుట్టూ ఎండుమిరపకాయలు తిప్పుతోంది. అది చూసి తట్టుకోలేకపోయాను. వానలో బండ పక్కన నిలబడి, మా ఆయన పోయారు మరిడమ్మా, అన్నాను.

ఏ రోజండీ అంది. గురువారం అన్నాను. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది, నా వల్ల ఎన్ని రోజులు పాడయ్యాయో అని కాబోలు. బుట్ట మీద తడి గోనె కప్పి, మీరింక పైకెళ్ళండి అంది. అంతే.

జులై 9

పిలవలేదు.

జులై 10

ఐసు బండి యెహెజ్కేలు చేత బోణీ చేయించుకుంది. తలుపు చాటు నుంచి చూశాను.

ఎదురుగా పూలమ్మే సంపూర్ణమ్మకి రోజూ తాడు కట్టిన బుట్ట దింపుతాను. మూర పూలు వేస్తుంది. ఇవాళ బుట్ట ఖాళీగా పైకొచ్చింది. ముసలావిడ తలెత్తి కూడా చూడలేదు.

జులై 11, శుక్రవారం

కోపంగా ఉంది. పన్నెండేళ్ళు నా చెయ్యి కావాలి, నేనక్కర్లేదు. ధవళేశ్వరంలో గది ఉందని చీరలు ఫాల్స్‌కిచ్చే టీచరుగారు అన్నారు. వెళ్ళిపోతాను. ఈ సందు నూరేళ్ళ నాటిదంటారు. ఎన్ని బండలు ఖాళీ అయ్యాయో, మర్నాటికల్లా ఇంకొకరు వచ్చి కూర్చున్నారు. నా కిటికీలోనూ ఇంకొకరు నిలబడతారు. ఎవరికీ తేడా తెలీదు. ఇది రాస్తుంటే ఏడుపొచ్చింది. ఆయన కోసం రానిది దీనికొచ్చింది.

జులై 12

పిల్లి పొద్దున్నుంచీ అరుస్తోంది. దానికెవరు చెప్తారు?

జులై 13, ఆదివారం, ఉదయం పది

ఐదింటికి తలుపు కొట్టారు. మరిడమ్మ, వెనకాల సంపూర్ణమ్మ. పొడి చీర ఒకటి తెచ్చుకోండి అన్నారు. నా బొట్టు చెరపడానికొచ్చారనుకున్నాను. అయినా వెళ్ళాను.

గోదావరికి తీసుకెళ్ళారు. ఎర్రనీళ్ళు వచ్చేశాయి, అడుగు కనపడదు. చెరో రెక్కా పట్టుకున్నారు. ఆయన పేరేంటండీ అని అడిగింది మరిడమ్మ. శివరామకృష్ణ అన్నాను. ఆ పేరు పైకి అని ఎన్నేళ్ళయిందో. పేరు తలుచుకుని మూడు మునకలెయ్యండి అంది. మూడోదాంట్లో ఏడ్చాను. నీళ్ళలో ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. తెలిసింది. రెక్క పట్టు బిగిసింది.

మెట్ల మీద అడిగేశాను, ఎందుకు పిలవలేదని. తెల్లబోయింది. మైల కదండీ, పదకొండు రోజులూ మైల చెయ్యి బుట్టలో పెట్టిస్తామా, మీకు తెలీదా ఏంటి, అంది. ఆ రోజు వేళ్ళ మీద లెక్కపెట్టింది అదట. పూలు వెయ్యనిదీ అందుకేనట. మేడ మీద మైల అని సందంతా చెప్పుకున్నారట. కోరుకొండలో ఇవాళ పెద్దకర్మ, నాకు పిలుపు లేదు. ఇక్కడ నా మైల నాకు తెలియకుండా సందంతా పాటించింది.

మరి మొగుడు పోయినదాని చేత బోణీ ఏంటి మరిడమ్మా, అన్నాను. చెయ్యి మీది కదండీ, ఆయనది కాదు కదా, అంది. సంపూర్ణమ్మ నా కొంగు పిండుతూ, పూలు వేస్తాను, తల్లో పెట్టుకుంటావో దేవుడికి పెడతావో నీ ఇష్టం అంది.

తిరిగొచ్చేసరికి ఏడున్నర. ఆదివారం, సందు కిటకిటలాడుతోంది. మరిడమ్మ బుట్ట మీద గోనె తీయలేదు. పక్కన యెహెజ్కేలు నిలబడి వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట, ఇంకా బోణీ అవలేదండీ, అని.

జులై 13, సాయంత్రం

ఇవాళ ఒక్క ఫాల్ కూడా కుట్టలేదు. చేప తీసిన చెయ్యి ఇంకా కడుక్కోలేదు.