విల్లోకు మధ్యాహ్నం నీళ్లు

ఫిబ్రవరి 2, ఆదివారం

ఒక కర్ర తెచ్చాడు.

సెలవు రోజు కూడా తను పనిచేసే మిల్లు సారు ఇంటికి పోయి, పొద్దంతా అక్కడే ఉండి, సాయంత్రం బండి మీద ఒక కర్రతో దిగాడు మా ఆయన. మణికట్టు లావు, మూరెడు పొడవు. ఆకు లేదు, వేరు లేదు. సారు తోటలో కొమ్మలు కొట్టేస్తుంటే కింద పడిందట. పొయ్యిలోకి అనుకొని అత్త చెయ్యి చాపింది. ఆయన గబుక్కున పైకెత్తి పట్టుకున్నాడు, కుక్క నుంచి పసిపిల్లను కాపాడినట్టు.

"ఇది విల్లో అమ్మా. చల్ల దేశాల చెట్టు. కుండీల పెట్టి బోన్సాయ్ చేస్త."

"ఏం జేస్తవ్?"

"పెద్ద చెట్టును చిన్నగ పెంచుడు."

"పెద్దగ పెంచుడు చాతగాకనా?"

నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకొని వంటింట్లోకి పోయాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

బకెట్లో నిలబెట్టిన కర్రకు వేళ్లు వచ్చాయి. తెల్లగా, ఉడికిన సేమియాలాగా. ఆయన బకెట్ పక్కన గొంతుక్కూర్చొని ఫోన్లో "హలో ఫ్రెండ్స్" అంటున్నాడు. ఏ ఫ్రెండ్స్? చూసేది మా మరిది ఒక్కడే, వాడు కూడా అన్న తిడతాడని.

బకెట్టు నాది. బట్టలు నానబెట్టి ఎన్నాళ్లో.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇసుక జల్లించింది నేను. మిల్లు నుంచి వచ్చిన కాల్చిన ఊక కలిపింది నేను. కర్ర పాతి, చుట్టూ మట్టి నొక్కింది నేను. అంతా అయ్యాక ఆయన చేతులకు కాస్త మట్టి పూసుకొని వీడియోకు కూర్చున్నాడు. నేను కుండీ కదలకుండా పట్టుకున్నాను.

"గాజులు కనిపిస్తున్నయ్. చెయ్యి తియ్యి."

తీశాను. కుండీ ఒరిగింది. మళ్లీ తీశాడు... పూర్తిగా మొదటి నుంచి.

ఫిబ్రవరి 24, సోమవారం

విల్లోకు చలికాలం నిద్ర కావాలని ఫోన్లో ఎవరో చెప్పారట. ఇక్కడ అప్పుడే ఫ్యాన్ వేసుకుంటున్నాం. ఏం చేశాడు? ఫ్రిజ్‌లోంచి కూరగాయల డబ్బా తీసేసి, అక్కడ కుండీ పెట్టాడు. టమాటాలు నేల మీద.

పొద్దున అత్త పాలకోసం తలుపు తీసింది. ఒకటే కేక.

"అయ్యో స్వరూపా! ఫ్రిజ్‌ల చెట్టు మొలిచిందే!"

పాలగిన్నె జారి నేలపాలు. ఆయన పళ్లు తోముకుంటూ వచ్చి, నురగ నోటితోనే —

"అరవకమ్మా. అది నిద్రపోతుంది."

"మరి నన్నెందుకు లేపినవ్‌రా పొద్దుగాల!"

లేత చిగుళ్లన్నీ నల్లబడ్డాయి. కారణం నేనట. ఫ్రిజ్ తలుపు ఊరికే తీస్తుంటానట.

మార్చి 5, బుధవారం

డాబా మీద ఎండకు పెట్టాక మళ్లీ చిగురించింది. ఎంత అవమానించినా మొలుస్తుంది. సిగ్గులేని చెట్టు.

మార్చి 16, ఆదివారం

ఒక్క రోజులో వేలెడు పెరుగుతున్నట్టుంది. కొమ్మలన్నీ నిటారుగా ఆకాశంలోకే. ఆయనకు అవి కిందికి వేలాడాలి, ఫోటోలో అట్లనే ఉన్నాయి కాబట్టి. మోటర్లు రిపేరు చేసే దుకాణం నుంచి పాత రాగితీగ తెచ్చి ప్రతి కొమ్మకూ చుట్టి కిందికి వంచాడు. వీడియో తీశాడు. తర్వాత మరిచిపోయాడు.

మార్చి 28, శుక్రవారం

అనుకున్నంతా అయింది. కొమ్మలు లావెక్కాయి, తీగ లావెక్కదు కదా. బెరడులోకి దిగిపోయింది, బిగుతు ఉంగరం వేలిలోకి దిగినట్టు. లాగితే తోలు ఊడి వస్తోంది. కటింగ్ ప్లేయర్‌తో చుట్టుకొకటి చొప్పున ముక్కలుగా తెంపి తీశాను. కొమ్మలకు దారంతో చిన్న రాళ్లు కట్టి వేలాడదీశాను. వంగాల్సినవి అవే వంగుతాయి.

సాయంత్రం చూసి, "ఎవరు తీసినరు?" అన్నాడు.

ఇంట్లో ఉన్నది నేను, అత్త. అత్త మోకాళ్ల నొప్పులతో డాబా ఎక్కదు. ఇంకెవరు తీస్తారు, కోతులా?

నాకు ఎదుట మాట రాదు. ఈ పుస్తకంలో అయితే వస్తుంది.

ఏప్రిల్ 6, ఆదివారం

సారు వీడియో చూశాడట. "బావుందయ్యా రమేషూ, మా కొత్తింటి గృహప్రవేశానికి తీసుకురా, హాల్లో పెడదాం" అన్నాడట. ఆంధ్ర నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కొని స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. మాట మెత్తగా ఉంటుంది. పొద్దటి నుంచి మా ఆయన కూడా ఆ మాటే మాట్లాడుతున్నాడు.

"చూశావా స్వరూపా? అలా నీళ్లు పోస్తే ఎలాగండీ?"

నన్ను అండీ అన్నాడు! అత్త ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగింది.

"ఏందిరా గా మాట? పొద్దున మంచిగనే లేస్తివి గద."

ఏప్రిల్ 14, సోమవారం

ఎండలు. డాబా మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. కుండీ కింద పళ్లెంలో ఎప్పుడూ నీళ్లుండాలి. పొద్దున నింపింది మధ్యాహ్నానికి ఉండదు. గేదె తాగినట్టు తాగుతుంది. మధ్యాహ్నం ఒక్క పూట తప్పితే ఆకులన్నీ తలలు వేలాడేస్తాయి.

అత్త కింద నుంచి: "గన్ని నీళ్లు బీరతీగకు పోస్తే బుట్టెడు కాయలు కాస్తుండె. ఇది కాయ కాయది, పువ్వు పూయది. ఉత్తగ తాగుడే."

ఆ మాట ఒక్కటి నాకు నచ్చింది.

ఏప్రిల్ 17, గురువారం

ఆయన ఎంతో ముచ్చటపడి పెద్దకొమ్మగా ఎంచుకున్నది ఎండిపోయింది. పక్కవన్నీ పచ్చగానే ఉన్నాయి. ఎందుకెండిందో దానికే తెలుసు. ఈ చెట్టు తీరే అంత, మనం ఏది గట్టిగా నమ్ముకుంటే దాన్ని వదిలేస్తుంది.

"నీళ్లు పోయలేదా?" — నా వైపు చూపు.

ఏప్రిల్ 21, సోమవారం

అమ్మ ఫోన్. కల్లంలో జారిపడి కుడి మణికట్టు విరిగిందట. కట్టు వేశారు. చెల్లె సుజాత తొలి కాన్పుకు వచ్చి డోంగ్లిలో అమ్మ దగ్గరే ఉంది. నెలలు నిండాయి. వాళ్లాయన లారీ మీద పోయాడు. ఎప్పుడొస్తాడో తెలియదు.

"ఒంటి చేత్తోని పురుడెట్ల పోయాలె బిడ్డా? నువ్వు రావాలె."

వస్తానన్నాను. ఫోన్లో అమ్మతో అనడం తేలికే.

ఏప్రిల్ 24, గురువారం

అడిగాను. అన్నం పెడుతూ, గిన్నె వైపు చూస్తూ.

"ఇగో... సుజాతకు దినాలు దగ్గరపడ్డయ్. అమ్మ చెయ్యి కట్టుల ఉన్నది. నేను పోవాలె."

"పోదువు తీ. వచ్చే నెల సారు గృహప్రవేశం కానియ్."

"గప్పటిదాక ఆగుతదా?"

"మరి చెట్టుకు మధ్యాహ్నం నీళ్లెవరు పోస్తరు? యాసంగి వడ్లు వస్తున్నయ్, నేను మిల్లు ఇడిచి కదలరాదు. అమ్మ మెట్లెక్కది."

"కిందికి తెచ్చి పెడితే..."

"కింద ఎండ తగలది. రూపు పోతది." ఫోన్ పైకి జరుపుతూ — "సుజాతకేంది? దవాఖాన ఉన్నది, డాక్టర్లున్నరు. చెట్టుకెవరున్నరు?"

లేచి వంటింట్లోకి వచ్చాను. పప్పు వడ్డించలేదు. ఆయన అడగనూ లేదు. వట్టి అన్నం తింటున్న సంగతి కూడా తెలియని మనిషి.

ఏప్రిల్ 30, బుధవారం

అమ్మ మళ్లీ ఫోన్ చేసింది. "మీ ఆయన ఏమన్నడు?" అని అడిగితే ఏం చెప్పను. ఒక కర్రకు నీళ్లు పోయాలమ్మా, అందుకే రాలేను. ఇది నోటితో చెప్పే మాటేనా?

సంతకు పోయి వస్తానన్నంత తేలిగ్గా, "వస్తనమ్మా" అన్నాను.

మే 3, శనివారం

చెట్టు బాగుంది. ఈ మాట రాయడానికి చేతికి ఇష్టం లేదు. రాళ్లు తీసేశాక కూడా కొమ్మలు లేవలేదు, అట్లాగే కుండీ అంచు దాటి కిందికి జారాయి. గాలి వస్తే జడలు విప్పుకున్నట్టు కదులుతుంది. అడ్డం పోయినవి, లోపలికి తిరిగినవి నేనే గిల్లేస్తున్నాను. ఆయన వచ్చి కత్తెర పట్టుకొని ఫోటో దిగుతాడు. ఆ కత్తెర తలకిందులుగా పట్టుకున్నాడు, అదీ వీడియోలో వచ్చింది. మరిది కింద రాశాడు: "అన్నా సూపర్."

మే 5, సోమవారం

బిచ్కుందలో బస్సు మారి దవాఖాన చేరేసరికి రాత్రయింది, అలసిపోయాను. అయినా ఇది ఈ రోజే రాయాలి.

పొద్దున అమ్మ ఫోన్. "నొప్పులు మొదలైనయ్. మద్నూర్ దవాఖానకు తీస్కపోతున్నం."

ఆయన మిల్లులో. ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను. "లోడింగ్ నడుస్తుంది, తర్వాత చెయ్యి" — పెట్టేశాడు.

డాబా ఎక్కాను. నీళ్లు పోశాను. పోసి చూస్తూ నిలబడ్డాను. తాగేది ఈ ఆకులే కదా. ఆకు లేకపోతే అడిగేది ఎవరు?

కత్తెర తీసుకున్నాను. మొదట చిన్న కొమ్మ. తర్వాత చెయ్యి ఆగలేదు. అన్నీ... పెద్దవి, చిన్నవి, జడలన్నీ. లావు వాటికి కొడవలి. మొద్దు దగ్గర వేలెడు మిగిల్చి అన్నీ కోసేశాను. చివరకు ఫిబ్రవరిలో ఆయన తెచ్చిన కర్రలాగే అయింది, కాస్త బుడిపెలు బుడిపెలుగా. కింద బాత్రూం పక్క నీడలో నీళ్ల బకెట్లో కుండీతో సహా దింపాను.

బతుకుతుందో లేదో తెలియదు. ఇది నమ్మదగిన చెట్టు కాదు.

మళ్లీ పైకి పోయి ఒడి నిండా కొమ్మలతో దిగేసరికి అత్త మెట్ల దగ్గరే ఉంది.

"అన్నీ కోసినవా?"

"కోసిన అత్తా. ఇగ మధ్యాహ్నం నీళ్లక్కరలేదు."

ఇంటికప్పు లేచేలా అరుస్తుందనుకున్నాను. కొమ్మల వైపు చూసింది, గుమ్మంలో పెట్టిన నా బట్టల సంచి వైపు చూసింది.

"వాడొచ్చి అడిగితే?"

కొమ్మలు మూలకు పడేసి సంచి అందుకున్నాను.

"నిద్రపోతుందని చెప్త తీ. ఉరుకు, బిచ్కుంద బస్సు పోతది."

ఈ రోజు అత్త మీద రాయడానికి ఏమీ దొరకలేదు.

మే 6, మంగళవారం

ఆడపిల్ల. తెల్లవారుతుండగా. పక్క మంచం మరాఠీ ఆమె అందరికన్నా ముందు "ముల్గీ ఝాలీ!" అని వరండాలో ఉన్న వాళ్లకు చెప్పేసింది, తన మనుమరాలే అయినట్టు. అమ్మ ఒంటి చేత్తో పాపను తీసుకోలేక నా వైపు చూసింది. నేను తీసుకున్నాను.

ఇంత చిన్నది. ఇంత వేడి.

మే 7, బుధవారం

ఆయన ఫోటో పంపాడు. మోడు. కింద మాటలు రికార్డు చేసి పంపాడు: "స్వరూపా, ఏంది గిది? మొత్తం మోడు చేసినవ్. సారుకేం జెప్పాలె నేను?"

ఏం పుట్టిందని లేదు. సుజాత ఎట్లుందని లేదు. సారుకేం చెప్పాలట.

నేను పాప ఫోటో పంపాను. బదులుగా బొటనవేలు బొమ్మ పంపాడు.

మే 9, శుక్రవారం

డోంగ్లి ఇంటికి వచ్చాం. సాయంత్రం ఆయన ఫోన్. గృహప్రవేశం అయిపోయిందట. చెట్టు గురించి అడిగితే ఏం చెప్పాలా అని దారంతా ఆలోచించుకొని పోయాడట. హాలు నిండా హైదరాబాద్ నుంచి తెప్పించిన కుండీలే ఉన్నాయట.

"సారు అడగనే అడగలె."

ఆ అండీలూ చూశావాలూ ఏమీ లేవు. మా ఇంటి మాటే.

నవ్వాలి కదా నేను. ఇన్నాళ్లూ ఎదురుచూసిన నవ్వే. సారు వెనకాలే, చేతులు కట్టుకొని, ఇప్పుడడుగుతాడేమో అని ఒక గది నుంచి ఇంకో గదికి తిరిగి ఉంటాడు. ఆ నడక నాకు తెలుసు. తిండి కూడా చివరి వరుసలో తిని ఉంటాడు.

"తిన్నరా?" అన్నాను. ఎందుకన్నానో.

మే 12, సోమవారం

పాపకు నీళ్లు పోశాను. కాళ్ల మీద బోర్లా వేసుకుంటే జారిపోయే సబ్బులా ఉంది.

"బావ కోపంగున్నడా అక్కా?" అని సుజాత.

"కోపమొచ్చేంత పని ఆయన ఎన్నడు చేసిండు? అంతా నేనే చేసిన."

పైకే అన్నాను. సుజాత నోరు తెరుచుకొని చూసింది. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పాప కూడా ఒక్క క్షణం కాళ్లు ఆడించడం ఆపింది.

మే 14, బుధవారం

అమ్మ చెయ్యి కట్టు ఇంకా విప్పలేదు. విప్పాక కూడా పట్టు రావడానికి టైం పడుతుందన్నారట. నాకు ఇది మంచి కబురులాగా వినిపించింది. ఛీ.

మే 16, శుక్రవారం

మధ్యాహ్నం ఫోన్. ఆ వేళప్పుడు ఆయన మిల్లులో ఉండాలి. వెనక కాకి అరుపు, నీళ్లు పడుతున్న చప్పుడు.

"డాబా మీద ఉన్నరా?"

"మళ్ల పైకి తెచ్చిన. చిగుర్లొచ్చినయ్, మోడు నిండ. ఎండల మాడుతయని నీళ్లు పోద్దామని వచ్చిన." ఆయాసపడుతున్నాడు. చెప్పుల్లేకుండా ఎక్కి ఉంటాడు, తెలివి. "ఏది ఉంచాలె, ఏది తియ్యాలె తెలుస్తలేదు."

"ఫోన్ల చూడరాదు."

"చూసిన. వాళ్లది వేరే తీరుగున్నది."

పళ్లెం నిండి పొర్లుతున్నట్టుంది. ఎంత పోయాలో కూడా తెలియదు.

"ఎప్పుడొస్తవ్?"

పాప ఏడుస్తోంది, వినబడట్లేదన్నాను. నిజంగానే ఏడుస్తోంది అప్పుడు.

గట్టిగా మళ్లీ అడిగాడు. పాప అప్పటికే ఊరుకుంది.